37వ అంశం: కడప జిల్లాలో ఒక చేనేత వీధి, కౌన్సిల్‌లో చిక్కుకున్న కల్వర్టు

ఈ కేసు రాయమని అడిగింది ఆ వీధి ఆడవాళ్లే. ఊరి పేరు, మనుషుల పేర్లు మాత్రం వద్దన్నారు. కడప జిల్లాలో ఒక మున్సిపాలిటీ అనుకుంటే చాలు. నేను 26 ఏళ్లు మున్సిపాలిటీల అకౌంట్స్ సెక్షన్లలో పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలనీ సంఘాలకు, మహిళా సంఘాలకు బడ్జెట్ పుస్తకం చదవడం నేర్పిస్తున్నాను. జీతం లేని పని, కానీ ఉద్యోగంలో ఉన్నప్పటికంటే ఇప్పుడే మున్సిపాలిటీ అంటే ఏమిటో నాకు బాగా అర్థమవుతోంది.

వీధి సంగతి

వీధిలో 50 ఇళ్ల దాకా ఉంటాయి. సగానికి పైగా ఇళ్లల్లో గుంట మగ్గాలు. నేసే మనిషి నేల మట్టానికి కూర్చుని, కాళ్లు గుంతలో పెట్టి చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఆ గుంత లోతు మోకాలికి కాస్త పైదాకా ఉంటుంది. వీధి చివర రోడ్డు కింద పాత కల్వర్టు ఒకటి, దాంట్లో ఒకటే హ్యూమ్ పైపు, అంటే సిమెంటు గొట్టం. పై కాలనీలన్నీ కట్టుకోక ముందు వేసిన పైపు అది. ఇప్పుడు పైనుంచి వచ్చే నీళ్లన్నీ దాంట్లోంచే పోవాలి. గట్టి వాన గంటసేపు పడితే చాలు, పైపు చాలక నీళ్లు వెనక్కి తన్ని వీధిలోకి వస్తాయి.

2024 అక్టోబరు వానల తర్వాత నేను మొదటిసారి వెళ్లాను. ఒక ఇంట్లో మగ్గం పక్కన పెద్దామె కూర్చుని చెంబుతో గుంతలోంచి నీళ్లు తోడి బకెట్లో పోస్తోంది. బకెట్ నిండితే మనవరాలు తీసుకుపోయి వీధిలో పారబోసి వస్తోంది. ఆ నీళ్లు మురికి కాలువ నీళ్లు. మగ్గం మీద పడుగు సగం నేసి ఉంది. పైన ప్లాస్టిక్ పట్ట కప్పారు, అయినా చెమ్మ ఎక్కింది. చెమ్మెక్కిన పడుగు దారాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, నేస్తుంటే తెగుతాయి. తెగిన ప్రతి పోగూ వెతికి ముడేసుకోవాలి. గుంత ఆరాలంటే వారం, పది రోజులు. అన్ని రోజులూ కూలి లేదు. ఇచ్చిన గడువుకు చీర అందకపోతే నేతపని అప్పగించే మాస్టర్ వీవర్ దగ్గర మాట పోతుంది.

నేను బ్యాగులోంచి కాగితాలు తీస్తుంటే ఆ ఇంటి కోడలు అంది: "లెక్కలు తర్వాత చెబుదురు గానీ సార్, ఈ నీళ్లు యాడికి పోవాలో అది చెప్పండి."

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

కోపం

ఆ సాయంత్రం గుడి అరుగు మీద కూర్చున్నాం. దాదాపు రెండు గంటలు మాట్లాడారు. అందులో కల్వర్టు గురించి పది నిమిషాలు కూడా లేదు. అంతా పార్టీల గురించే. ఒక ముసలాయన అన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "యా పార్టీ వచ్చినా మా గుంతలోకి వచ్చేది నీళ్లే గదా నాయనా."

ఇంకొకాయన ఉక్కు ఫ్యాక్టరీ ఎత్తాడు. కడప జిల్లాలో బడ్జెట్ గురించి ఎక్కడ మీటింగ్ పెట్టినా ఈ మాట రాకుండా ఉండదు. 2007లో జమ్మలమడుగు దగ్గర వైఎస్ రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో పరిశీలించాలని రాశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు నాయుడు ఇంకో రాయి వేశారు. ఏడాది తిరిగేసరికి, 2019 డిసెంబరులో, సున్నపురాళ్లపల్లెలో జగన్ వేశారు. 2023 ఫిబ్రవరిలో కొత్త కంపెనీతో మళ్లీ భూమిపూజ అయింది. "అన్ని రాళ్లు వేసినారు గదా సార్, అందులో ఒక్క రాయి మా కాలువ మీద వేయమనండి" అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు.

ఈ కోపాన్ని నేను తక్కువ చేసి చూడను. ప్రభుత్వం మారగానే పాత పని ఆపి, అదే పనికి కొత్త రాయి వేయడం ఈ జిల్లా జనం కళ్లారా చూశారు. కాకపోతే మూడు నాలుగు ఊళ్లలో పని చేశాక నాకు ఒక సంగతి తెలిసింది. "అందరూ దొంగలే" అన్న మాట దగ్గర కోపం ఆగిపోతే, దానివల్ల ఏ అధికారికీ ఏ కౌన్సిలర్‌కూ ఇబ్బంది ఉండదు. వాళ్లకు ఇబ్బంది కలిగేది, ఒక మనిషి వచ్చి ఫలానా పద్దు, ఫలానా పేజీ, ఫలానా తారీఖు అని అడిగినప్పుడే. ఆ వీధిలో నా పని, ఆ కోపాన్ని తగ్గించకుండా ఆ పేజీ దాకా తీసుకురావడం.

ముందు ఒక నోటు పుస్తకం పెట్టించాను. 200 పేజీల లాంగ్ సైజు పుస్తకం. వాన పడిన తారీఖు, నీళ్లు వచ్చిన ఇళ్లు, ఆగిన మగ్గాలు, ఎన్ని రోజులు ఆగాయి, అంతే. పదో తరగతి చదివే ఒక పాప రాసేది. వాళ్లు దానికి "వాన లెక్క" అని పేరు పెట్టుకున్నారు.

కౌన్సిల్ ఎందుకు బిగుసుకుపోయింది

ఇది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ దాదాపు అన్ని పాలకవర్గాలనూ గెలుచుకుంది. మా వైపు తాడిపత్రి ఒక్కటే తెలుగుదేశానికి దక్కి వార్తల్లోకెక్కింది. ఆ పాలకవర్గాల గడువు ఐదేళ్లు, అంటే 2026 మార్చి దాకా. మధ్యలో 2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. ఉమ్మడి కడప జిల్లాలో 2019లో పది అసెంబ్లీ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌వే. 2024లో ఏడు కూటమికి వచ్చాయి. దాంతో చాలా ఊళ్లలో ఛైర్మన్ ఒక పార్టీ, ఎమ్మెల్యే ఇంకో పార్టీ అయ్యారు. ఎమ్మెల్యేకు పదవి రీత్యా కౌన్సిల్‌లో ఎక్స్ అఫీషియో సభ్యత్వం ఉంటుంది. పైనుంచి నిధులు, బదిలీలు ఎమ్మెల్యే వైపు నడుస్తాయి. తీర్మానాలు ఛైర్మన్ వైపు నడుస్తాయి. ఒకరు లేకుండా ఇంకొకరు పని చేయలేరు, ఒకరిని ఒకరు ఆపడం మాత్రం ఇద్దరికీ సులభమే.

జిల్లా కేంద్రంలోనే 2024 చివర్లో నగరపాలక సమావేశంలో ఎమ్మెల్యేకు వేదిక మీద కుర్చీ వేయలేదని పెద్ద రభస అయింది. రాష్ట్రమంతా టీవీల్లో చూశారు. మా కేసు నడిచిన ఊళ్లో కుర్చీ గొడవ లేదు, ప్రోటోకాల్ గొడవ ఉంది. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలి అని. పేర్లు తేలక రెండు రోడ్లకు ప్రారంభోత్సవం నెలల తరబడి ఆగింది.

దీని మీద ఇంకో పొర. ఛైర్మన్ మీద అవిశ్వాసం పెట్టాలంటే పాలకవర్గానికి నాలుగేళ్లు నిండాలి. 2025 మార్చికి నిండాయి. అప్పట్నుంచి రాష్ట్రంలో చాలాచోట్ల అవిశ్వాస తీర్మానాల హడావుడి మొదలైంది. విశాఖ మేయర్ పదవి 2025 ఏప్రిల్‌లో అలాగే పోయింది. మా ఊళ్లో అవిశ్వాసం రాలేదు గానీ వస్తుందన్న పుకారు రెండు నెలలు నడిచింది. ఆ రెండు నెలలూ కొందరు కౌన్సిలర్లు క్యాంపులో ఉన్నారు. ఫోన్లు కూడా పలకలేదు. నెలకోసారి జరగాల్సిన సమావేశం జరగలేదు.

ఆగేది ఎవరికి

సంఘం మీటింగుల్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న: "బడ్జెట్ పాస్ కాకపోతే గవర్నమెంటు ఆగిపోతుందా సార్?" అమెరికాలో కొడుకో కూతురో ఉన్నవాళ్లు షట్‌డౌన్ గురించి చెబుతారు. అక్కడ 2018 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా 35 రోజులు ఆగింది. 2025లో అక్టోబరు 1 నుంచి 43 రోజులు.

మన దగ్గర అలా ఆగకుండా రాజ్యాంగంలోనే తలుపులు పెట్టారు. దానికి మంచి ఉదాహరణ 2020 నాటి రాష్ట్ర బడ్జెట్. కరోనా వల్ల ఆ మార్చిలో మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సుతో సరిపెట్టారు. జూన్ 16న పూర్తి బడ్జెట్ పెట్టారు. శాసనసభ ఆమోదించింది. జూన్ 17న శాసన మండలిలో రెండు పార్టీల మధ్య గొడవ జరిగి, ఖర్చుకు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు తేలకుండానే సభ నిరవధికంగా వాయిదా పడింది. తప్పు మీదంటే మీదని ఇరువైపులా అన్నారు. 198వ అధికరణం ప్రకారం ద్రవ్య బిల్లును మండలి 14 రోజుల్లో తిప్పి పంపకపోతే రెండు సభలూ ఆమోదించినట్టే. కాబట్టి బడ్జెట్ చావలేదు. కానీ ఆ 14 రోజులు జూన్ నెలాఖరు దాటించాయి. జులై 1న పడాల్సిన జీతాలు, పెన్షన్లు ఆగాయి. ఒకటో తారీఖున అద్దె కట్టే గుమాస్తాకు, మందులు కొనే పెన్షనర్‌కు టెన్షన్ మొదలయ్యాకే రాష్ట్రంలో చాలామందికి మండలి అనేది ఒకటుందని గుర్తొచ్చింది.

2024లోనూ అంతే. ఎన్నికల ముందు ఫిబ్రవరిలో, డోన్ నుంచి గెలిచిన బుగ్గన రాజేంద్రనాథ్ నాలుగు నెలల ఓటాన్ అకౌంట్ పెట్టారు. ప్రభుత్వం మారాక ఇంకో నాలుగు నెలలకు ఆర్డినెన్సు వచ్చింది. ఉరవకొండ నుంచి గెలిచిన పయ్యావుల కేశవ్ నవంబరు 11న పూర్తి బడ్జెట్ పెట్టారు. వెళ్లిన ఆర్థిక మంత్రీ వచ్చిన ఆర్థిక మంత్రీ ఇద్దరూ సీమవాళ్లే. ఏడాదిలో ఏడు నెలలు దాటాక గానీ పూర్తి బడ్జెట్ రాలేదు. జీతాలు వచ్చాయి, కరెంటు బిల్లులు కట్టారు. ఓటాన్ అకౌంట్ అంటేనే నడుస్తున్నది నడవనివ్వడం. కొత్త పనికి దాంట్లో చోటు దొరకడం కష్టం.

మున్సిపాలిటీలోనూ ఇదే సూత్రం, ఇంకా గట్టిగా. కౌన్సిల్ కొట్టుకుని ఆరు నెలలు కూర్చోకపోయినా పారిశుధ్య కార్మికుల జీతాలు ఎలాగో సర్దుతారు, వీధి లైట్లు వెలుగుతాయి, ట్యాంకర్ తిరుగుతుంది. మెయిన్ రోడ్డు మీద ఉన్న షాపువాళ్లకు తేడా కూడా తెలియదు. ఆగేది కొత్త పనులు మాత్రమే. కొత్త పనులు కావాల్సింది కాలువ లేని వీధికి, రోడ్డు పడని కాలనీకి. నా ఉద్యోగ జీవితం మొత్తంలో కౌన్సిల్ గొడవ వల్ల ఒక్క కౌన్సిలర్ ఇంటి ముందు పని ఆగడం నేను చూడలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. బడ్జెట్ ఆగితే అందరికీ సమానంగా ఆగదు. ఆపినవాళ్లకు అసలు తగలదు.

బడ్జెట్ పుస్తకంలో దొరికింది

2024 నవంబరులో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. ఏ ఆఫీసైనా తన బడ్జెట్, ఖర్చుల వివరాలు అడగకుండానే బయటపెట్టాలని ఆ చట్టం సెక్షన్ 4లోనే ఉంది. నెల గడిచాక "పుస్తకం ఆఫీసులో ఉంది, పనివేళల్లో చూసుకోవచ్చు" అని జవాబు వచ్చింది. నేను, వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లు, ఆ పదో తరగతి పాప నాలుగు రోజులు వెళ్లి చేత్తో రాసుకున్నాం. ఫొటో తీయనివ్వలేదు.

కల్వర్టు పుస్తకంలో ఉంది! 2024-25 అంచనాల్లో, మూలధన వ్యయం పేజీలో, 14 లక్షల 60 వేల రూపాయలు. ఎన్నికలకు ముందు ఫిబ్రవరిలో ఆమోదించారు. రెండు పార్టీల కౌన్సిలర్లూ "నిధుల్లేవు" అని చెప్పి పంపిన పని అది.

మరి ఎందుకు జరగలేదు? పద్దు చూస్తే తెలిసింది. దాన్ని జనరల్ ఫండ్‌లో, అంటే మున్సిపాలిటీ సాధారణ నిధిలో పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు పెట్టి నెలలకొద్దీ ఎదురుచూసిన అనుభవం ఇక్కడి కాంట్రాక్టర్లందరికీ ఉంది. కాబట్టి జనరల్ ఫండ్ పనికి టెండర్ పిలిచినా ఎవరూ రాలేదు. 2024 ఆగస్టులో ఒకసారి పిలిచారు, ఒక్క టెండరూ పడలేదు. ఫైలు అక్కడే పడుకుంది. ఇక్కడ పార్టీ లేదు, కక్ష లేదు, పద్దు తప్పు, అంతే.

పక్క పేజీలో 15వ ఆర్థిక సంఘం నిధులున్నాయి. మా స్థాయి ఊళ్లకు ఆ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం వంటి వాటికే వాడాలన్నది అప్పటి నిబంధన. మిగతా 40 శాతం జీతాలకు తప్ప స్థానిక అవసరం దేనికైనా వాడుకునే వీలుండేది. ఆ 40 శాతంలో ఖర్చు కాని మొత్తం మా కల్వర్టుకు సరిపోగా మిగిలేంత ఉంది. పైగా 15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31 దాకానే. కల్వర్టును ఒక పేజీ నుంచి పక్క పేజీకి మార్చాలి. దానికి కావాల్సింది ఒక కౌన్సిల్ తీర్మానం.

అది తెలిసిన రోజు వీధిలో పండగలా ఉంది. నాకు మాత్రం గుబులు పట్టుకుంది, ఎందుకంటే పార్టీ గొడవ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

నేను చేసిన తప్పు

2025 జనవరిలో ఆ వీధి పెద్దమనిషి ఒకాయన, తనకు ఛైర్మన్ వర్గంలో చనువుందని, పద్దు మార్పు తానే చూసుకుంటానని అన్నాడు. త్వరగా అవుతుందని నేను సరేనన్నాను. నా అనుభవం నన్ను ఆపాల్సింది, ఆపలేదు. ఆయన నిజంగానే ఛైర్మన్ చేత ఫైలు మీద రాయించుకొచ్చాడు. రెండు రోజుల్లో ఊరంతా ఒక మాట పాకింది: ఆ కల్వర్టు ఫలానా పార్టీవాళ్ల పని. మూడో రోజు అవతలి వర్గం కౌన్సిలర్లు ఇంజనీరింగ్ సెక్షన్‌కు వెళ్లి, ఆ నిధుల్లోంచి తమ వార్డుల పనులు కూడా పెట్టాల్సిందేనని, లేదంటే అసమ్మతి నోట్ ఇస్తామని చెప్పారు. 14 లక్షల పని చుట్టూ ఇంకో పది పనులు చేరాయి. అన్నీ కలిపి ఒకే తీర్మానం చేశారు. అది ఎజెండాలో 37వ అంశం అయింది.

ఆ అంశం ఫిబ్రవరి సమావేశానికి వచ్చింది. కోరం లేక వాయిదా. మళ్లీ మార్చిలో పెట్టారు.

మార్చి సమావేశానికి వీధి నుంచి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. లోపలికి విలేకరులనే పంపారు, వీళ్లను వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. నేను పాత పరిచయంతో తలుపు దగ్గర నిలబడ్డాను. పదకొండు గంటలకు మొదలుకావాల్సింది పన్నెండున్నరకు మొదలైంది. 2025-26 బడ్జెట్ అంకెలు చదవడం మొదలుపెట్టారు, ప్రారంభ నిల్వ దగ్గరే ఒకాయన లేచాడు. గత ఏడాది లెక్కలు ముందు తేల్చాలన్నాడు. అడిగిన తీరు ఎలా ఉన్నా, ప్రశ్నలో న్యాయం ఉంది. అవతలివైపు నుంచి ఇంకొకాయన గత పదేళ్లూ తేల్చాలన్నాడు. మైకు లాక్కున్నారు. ట్యాగుతో కుట్టిన ఎజెండా కట్ట ఒకటి గాలిలోకి ఎగిరి, ట్యాగు ఊడి, కాగితాలు ఫ్యాన్ గాలికి హాలంతా పరుచుకున్నాయి. ఒక వర్గం నినాదాలు చేస్తూ బయటికి నడిచింది. ఉన్నవాళ్లు చేతులెత్తారు, బడ్జెట్ ఆమోదమైందన్నారు. కోట్ల రూపాయల లెక్కను చర్చించిన సమయం పది నిమిషాలు కూడా లేదు. మిగతా ఎజెండా అంతా వాయిదా.

అటెండర్ కాగితాలు ఏరుతూ ఏరుతూ వరండాలోకి వచ్చాడు. అతని చేతిలో ఉన్న కట్టలో పైకాగితం మీద 37 అంకె ఉంది. పెద్దామె కోడలు దాన్ని చూసి, "అన్నా, అది మాదే, దాన్ని తొక్కనీయొద్దు" అంది. అతను దాన్ని మడతలు సాపు చేసి విడిగా పెట్టాడు. ఆ రోజు మున్సిపల్ ఆఫీసులో ఆ కాగితానికి అంతకంటే మర్యాద దక్కలేదు.

ఏం మార్చాం

ఏప్రిల్, మే క్యాంపుల్లో పోయాయి. ఆ రెండు నెలల్లో మేం మొదటి నుంచి ఆలోచించుకున్నాం. ఏ పార్టీ మనిషి ద్వారానూ వెళ్లకూడదు, లేదా రెండు పార్టీల దగ్గరికీ ఒకే రోజు, ఒకే కాగితంతో వెళ్లాలి. ఆడవాళ్లు రెండోదే మంచిదన్నారు.

కాగితంలో ఒకే వాక్యం రాశాం: "ఈ కల్వర్టు అంశాన్ని మిగతా పనుల నుంచి విడదీసి, వచ్చే సమావేశంలో మొదటి అంశంగా తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు." మద్దతు ఇవ్వమని అడగలేదు. మద్దతు అంటే అవతలివాళ్లకు మార్కులు వేసినట్టు అవుతుందని వాళ్ల భయం. అభ్యంతరం లేదని రాయడానికి ఎవరి పరువూ పోదు. ప్రభుత్వ ఆఫీసుల్లో ఇరవై ఆరేళ్లు ఆ మాట మహిమ చూశాను, దాన్ని జనం కోసం వాడటం అదే మొదటిసారి.

కాగితంతో పాటు వాన లెక్క పుస్తకం తీసుకెళ్లారు. ఒక కౌన్సిలర్ ఇంటి దగ్గర నేను చూశాను. ఆయన మొదట రాజకీయం మొదలుపెట్టాడు, వాళ్ల హయాంలో ఏం చేశారని. పాప ఏమీ అనకుండా పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఒక పేజీలో తొమ్మిది రోజులు వరుసగా "మగ్గం ఆగింది" అని రాసి ఉంది, ఒక్కో ఇంటి నంబరుతో. ఆయన తండ్రి కూడా నేతగాడేనట. చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. తర్వాత పెన్ను అడిగాడు.

అందరూ సంతకం చేయలేదు. కొందరు "మా నాయకుడిని అడిగి చెప్తాం" అన్నారు, చెప్పలేదు. కానీ రెండు వైపుల నుంచీ సరిపడా సంతకాలు వచ్చాయి. ఒక కాపీ కమిషనర్‌కు, ఒకటి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. రసీదు చాలా ముఖ్యం. తర్వాత "మాకు ఎవరూ చెప్పలేదు" అనే మాట రాకుండా అదే కాపాడింది.

2025 జులై సమావేశంలో కల్వర్టు మొదటి అంశంగా వచ్చింది. చదివారు, ఆమోదించారు, అంతే. రెండో అంశం దగ్గర మళ్లీ గొడవైంది, ఒక వర్గం వాకౌట్ చేసింది. ఆ వర్గంవాళ్లే రెండు నిమిషాల ముందు మా అంశానికి కూర్చున్నారు. అలా సాధ్యమని నేనూ అనుకోలేదు.

తర్వాత

ఆగస్టు టెండర్‌కు ఎవరూ రాలేదు. సెప్టెంబరులో ఒకాయన వచ్చాడు. ఈలోపు అక్టోబరు వానలు రానే వచ్చాయి, వాన లెక్కలో ఇంకో ఆరు పేజీలు నిండాయి. నవంబరులో పాత పైపు తవ్వి తీశారు. దాంట్లో సగం దాకా మట్టి, ప్లాస్టిక్ గట్టిపడి ఉన్నాయి. సంక్రాంతికి రెండు గడుల బాక్స్ కల్వర్టు పూర్తయింది. శిలాఫలకం వేస్తామని ఇరువైపులా అన్నారు. వీధివాళ్లు వద్దన్నారు. వేయలేదు.

పూర్తిగా గెలిచిన కేసు కాదిది. కల్వర్టు దాటాక 90 మీటర్ల దూరం కాలువ మట్టి కాలువే, ఇరుకు. నీళ్లు ఇప్పుడు వీధిలో ఆగవు గానీ అక్కడికెళ్లి ఆగుతాయి. అక్కడా ఇళ్లున్నాయి. 2025 జనవరిలోనే ఆ 90 మీటర్లనూ కలిపి అడిగి ఉంటే బాగుండేదని కింది వీధివాళ్లు నాతో కోపంగా అన్నారు. వాళ్ల మాట నిజమే. 37వ అంశంలో కలిసి వచ్చిన మిగతా పది పనుల్లో ఒక్కటీ కదల్లేదు. వాటిలో ఒకటి అంగన్‌వాడీ మరుగుదొడ్డి. మేం మా పనిని విడదీసుకున్నప్పుడు దాన్ని కట్టలోనే వదిలేశాం. ఆ రోజు వేరే దారి నాకు కనిపించలేదు. ఇప్పటికీ అది నన్ను నిద్రపోనివ్వదు.

పాలకవర్గం గడువు 2026 మార్చి దాకానే. కొత్త ఎన్నికలు జరిగేదాకా ఎవరిని అడగాలో వీధివాళ్లకు స్పష్టంగా లేదు. అందుకే 2026-27 అంచనాలు తయారయ్యేలోపే, కాలువ 90 మీటర్లు, అంగన్‌వాడీ మరుగుదొడ్డి, రెండూ ఏ పద్దులో పెట్టాలో రాసి కమిషనర్‌కు ఇచ్చాం. ఈసారి దరఖాస్తు మీద కింది వీధి సంతకాలు ముందున్నాయి. వాన లెక్క కొత్త పుస్తకం కూడా కింది వీధిలోనే ఉంది. ఆ పాప ఇప్పుడు ఇంటర్, కాలేజీ నుంచి వచ్చాక అక్కడి పిల్లలకు ఎలా రాయాలో చూపిస్తోంది.